సీతారామపురం కొండకు వచ్చిన చైనా సారు

పోయిన నెల ఒక ఆదివారం సీతారామపురంలో పెళ్ళికి పోతున్నాను. ఉదయగిరి దాటి కొండ ఎక్కే మలుపులో బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా లారీ ఉంది. పక్కనున్న సెల్ టవరు మీద నుంచి కూలీలు తాళ్ళు కట్టి, బూడిద రంగు పెట్టెలను ఒక్కొక్కటిగా దించుతున్నారు. కండక్టరు దిగి వెళ్ళి కనుక్కొని వచ్చాడు.

"చైనా మిషన్లంట. పీకేసి వేరేవి పెడతా ఉండారు. పైనించి ఆర్డరంట."

బస్సులో ఎవరూ పట్టించుకోలేదు. పక్క సీటావిడ మల్లెపూలు వాడిపోతాయని విసుక్కుంది. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ పెట్టెలు పైకెక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాటిని ఎక్కించిన మనిషికి ఈ సంగతి చెప్పాలనిపించింది. చెప్పే దారి లేదు. అతని ఆఫీసు ఈమెయిలుకు రాస్తే, చేరకుండా తిరిగి రావడం మొదలై చాలా కాలమైంది.

అందరం అతన్ని చైనా సారు అనేవాళ్ళం. అసలు పేరు చెప్పిన రోజు నేను రెండుసార్లు పలికాను. రెండుసార్లూ తప్పే అయి ఉండాలి. అతను నవ్వి, "పరవాలేదు, మీకు ఎలా వస్తే అలా పిలవండి" అన్నాడు. వెళ్ళిన ప్రతి దేశంలోనూ ఒక కొత్త పేరు పెట్టారట. అన్నిటికీ పలికేవాడట.

అప్పటికి నేను బీఎడ్ చేసి డీఎస్సీ కోసం కాచుకొని ఉన్నాను. ఆత్మకూరులో టవర్ల కాంట్రాక్టు తీసుకున్న ఒకాయన ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలంటే చేరాను. సిమ్ములు అమ్మే కంపెనీ మన దేశానిదే గానీ, టవరు మీద పెట్టే మిషన్లు ఒక చైనా కంపెనీవి. వాటిని బిగించి నడిపించడానికి వాళ్ళు పంపిన ఇంజనీరు వెంట తిరగడం నా పని. అతను చెప్పింది రైతులకు, కరెంటు వాళ్ళకు, పంచాయతీ వాళ్ళకు తెలుగులో చెప్పాలి. వాళ్ళు తిట్టింది అతనికి మెత్తగా చెప్పాలి.

ముప్పై దాటిన బక్కపలచటి మనిషి. నీలం చొక్కా, చేతులు పూర్తిగా కిందికి, మెడ దాకా గుండీలు. రోహిణి ఎండల్లో కూడా అంతే. భుజానికి ఒక స్టీలు ఫ్లాస్కు వేలాడేది. అందులో వేణ్ణీళ్ళు. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న టీ అంగడికి పొద్దున్నే వచ్చి, టీ వద్దని, కాగిన నీళ్ళు పోయించుకొనేవాడు. మొదటి రోజు అంగడాయన కంగారుపడ్డాడు.

"ఏంది సారూ, కడుపులో బాగలేదా? జ్వరమా?"

నేను అడిగి చెప్పాను. "అలవాటంట. చన్నీళ్ళు తాగరంట."

"ఈ ఎండలకా! మనిషా, ఇంజనా!" అంటూనే అంగడాయన నీళ్ళు పోశాడు. తర్వాత ఎప్పుడూ ఆ నీళ్ళు వేరే గిన్నెలో సిద్ధంగా ఉంచేవాడు.

మధ్యాహ్నం అన్నం తినగానే ఎక్కడుంటే అక్కడ పడుకొనేవాడు. బ్యాగులో చుట్టిన పలచటి పరుపు ఒకటి ఉండేది. జనరేటరు షెడ్డు నీడలోనో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదనో అది పరిచి, మొహానికి టోపీ కప్పుకొని కాసేపు నిద్రపోయి, ఎవరూ లేపకుండానే లేచేవాడు. దుత్తలూరులో జనం అతను తాగి పడిపోయాడనుకొని మొహాన నీళ్ళు చల్లారు. లేచి కూర్చొని, వాళ్ళకు ఇంగ్లీషులో థాంక్స్ చెప్పి, మళ్ళీ పడుకున్నాడు.

తెలుగులో అతను నేర్చుకున్నది ఒకే మాట. "అయితాది."

ఎవరు ఏమడిగినా అదే. టవరుకు స్థలం ఇచ్చిన సీతారామపురం రైతు, కాపలా ఉద్యోగం తన అన్న కొడుక్కి కావాలన్నాడు. "అయితాది" అన్నాడు చైనా సారు. ఆ రైతు పక్కనున్న ఆయన తన బావమరిదికి కూడా అదే ఉద్యోగం అడిగాడు. "అయితాది." ఒక ముసలాయన, ఊరికి రెండో బస్సు వేయించమన్నాడు. దానికీ అదే జవాబు. ఊరంతా సంతోషంగా ఇళ్ళకు పోయింది. నేను తల పట్టుకున్నాను.

"ఎందుకు సార్ అన్నిటికీ ఒప్పుకుంటారు? బస్సు మీరు వేయిస్తారా?"

"కస్టమరుకు కాదని చెప్పకూడదు. మా ట్రైనింగులో మొదటి పాఠం."

"వాళ్ళు కస్టమర్లు కాదు సార్. మీ కస్టమరు సిమ్ముల కంపెనీ."

కొండ కింద ఊరి వైపు చూసి, చాలా గంభీరంగా, "ఇంకా కాలేదు" అన్నాడు.

ఆ కంపెనీ ప్రపంచమంతా ఎలా పాకిందో నాకు చెప్పింది కూడా అతనే, ఆ టీ అంగడి బల్ల మీద. రోజూ పేపర్లలో ఆ కంపెనీ గురించి ఏదో ఒకటి వస్తుండేది. అంత తక్కువ ధరకు ఎలా ఇస్తారు, ఇన్ని దేశాల్లోకి ఎలా పోయారు అని అడిగాను. అతను ఖాళీ గ్లాసులు రెండు తీసి బల్ల మధ్యలో పెట్టాడు.

"ఇవి నగరాలు. ఇక్కడ పెద్ద పెద్ద కంపెనీలు కూర్చొని ఉన్నాయి. అమెరికావి, యూరపువి. మేం చిన్నవాళ్ళం. లోపలికి రానివ్వరు. అందుకని ఇక్కడికి పోయాం." వేలు బల్ల అంచుకు తీసుకెళ్ళాడు. "మా దేశంలో ముందు పల్లెలు. తర్వాత ఆఫ్రికా, ఎడారులు, యుద్ధాలు జరిగే చోట్లు. పెద్ద కంపెనీ మనిషి రెండు రోజులు ఉండి, వేడిగా ఉందని వెళ్ళిపోతాడు. మిషను పాడైతే ఫోన్లో చెప్తాడు. మేం అక్కడే ఉంటాం. పాడైతే వెంటనే పోతాం. ఊళ్ళన్నీ అయిపోయాక నగరం వాళ్ళే మమ్మల్ని పిలుస్తారు."

"ధర తక్కువ కాబట్టి పిలుస్తారు."

"అవును. కంపెనీ ధర తగ్గిస్తుంది. నేను ఉంటాను. రెండూ కావాలి."

అంగడాయన అంతా విని, "ఏమంటాడు?" అని నన్నడిగాడు. తెలుగులో చెప్పాను. ఆయన గ్లాసులు తీసి కడుగుతూ, "అంటే మన ఉదయగిరి ఆ బల్ల కొసన ఉండాది గదా" అన్నాడు. నాకు కొంచెం రోషం వచ్చింది. మా దుర్గం కొండ, కోట, అంత చరిత్ర ఉన్న ఊరు, ఇతని లెక్కలో ఏదో ఎడారి పక్కన ఒక చుక్క. కానీ అతని మొహంలో చులకన ఏమీ లేదు. అతను పుట్టిన ఊరు కూడా ఆ బల్ల కొసనే ఉందని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో వేసిన మొదటి ఫోను ఆ కంపెనీ మిషను మీద నడిచిందేనట. దాన్ని చూసి ఇంజనీరు అవుదామనుకున్నాడట.

నేను అతన్ని గుర్తు చేసుకున్నప్పుడల్లా ముందు కనిపించేది అతని గడియారం. దాని మీద ఎప్పుడూ చైనా టైమే ఉండేది. మనకంటే రెండున్నర గంటలు ముందు. పనులకు ఫోన్లో టైము చూసుకొనేవాడు. చేతి గడియారం వేరే. జీపులో పోతూ పోతూ దాని వంక చూసి, "మా అమ్మ ఇప్పుడు అన్నం తింటోంది" అనేవాడు. సాయంత్రం కలిగిరి దగ్గర, "కోళ్ళను మూస్తోంది" అనేవాడు. నాన్న చిన్నప్పుడే పోయాడు. తోబుట్టువులు లేరు. వాళ్ళమ్మ ఎప్పుడూ పెళ్ళికూతుళ్ళ ఫొటోలు పంపేది. ఈసారి సెలవుకు వచ్చి చూస్తానని జవాబు పెట్టేవాడు. ఆ సెలవు కాస్తా ఏదో ఒక దేశంలో కొత్త పని పడి, వెనక్కు పోయేది.

ఆదివారాలు మాత్రం అతన్ని చూస్తే జాలేసేది. ఆత్మకూరు లాడ్జిలో బట్టలు ఉతికి ఆరేసి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని, రోడ్డు మీద పోయేవాళ్ళను చూస్తూ ఉండేవాడు. ఒకసారి అడిగాడు, "వీళ్ళందరూ ఎక్కడికి పోతున్నారు?" అని. చర్చి వదిలారు, ఇళ్ళకు పోతున్నారని చెప్పాను. "అందరూ ఒకటే ఇంటికా?" అన్నాడు. కాదు సార్, ఎవరింటికి వాళ్ళు అన్నాను. తల ఊపి, మళ్ళీ చూస్తూ కూర్చున్నాడు.

ఆ మరుసటి వారమే అతన్ని ఉదయగిరిలో మా ఇంటికి తీసుకుపోయాను. మా అవ్వ రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసింది. పరాయి దేశపాయన కారం తినలేడేమోనని భయపడి, విడిగా ఒక చప్పటి కూర కూడా వండింది. అతను చప్పటిది పక్కకు నెట్టి పులుసే మళ్ళీ మళ్ళీ పోయించుకున్నాడు. వాళ్ళ ప్రాంతం కూడా మిరపకాయలు తినేదే. తినడం అయ్యాక మొహమాటంగా, కోడి కాళ్ళు ఏం చేశారని అడిగాడు. అవ్వ పకపకా నవ్వింది.

"పారేసినానే నాయనా! ముందే చెప్పుంటే కాల్చి పెట్టుంటాను గదా!"

తర్వాత ఎప్పుడు కోడి కోసినా అతని కోసం కాళ్ళు తీసిపెట్టేది. అతనిది ఒక భాష, ఆమెది ఒక భాష. నేను లేకపోయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకొనేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారంటే ఇద్దరూ సరిగ్గా చెప్పలేకపోయేవాళ్ళు.

అన్నిటికంటే కష్టమైన సైటు సీతారామపురందే. ఆ చుట్టుపక్కల ఎక్కడా సిగ్నల్ లేదు. సిమ్ముల కంపెనీకి ఇచ్చిన గడువు దగ్గరపడింది. చివరి రోజుల్లో మేం కొండ దిగలేదు. పంచాయతీ ఆఫీసులోనే పడుకొని, ఊళ్ళో వాళ్ళు పెట్టింది తిని, పని చేశాం. అతని ఫోను చొక్కా జేబులో ఊరికే పడి ఉండేది. దాన్ని చూసి నేను ఎగతాళి చేశాను కూడా: "సిగ్నల్ పెట్టే ఆయనకే సిగ్నల్ లేదే!" అతనూ నవ్వాడు.

మిషన్లు ఆన్ చేసిన రోజు మధ్యాహ్నం ఊరు ఊరంతా టవరు కింద ఉంది. నెల్లూరు నుంచి సిమ్ముల కంపెనీ మేనేజరు టెంకాయలు, మైసూరుపాకు తెచ్చాడు. చైనా సారు లాప్‌టాప్ ముందు చాలాసేపు కదలకుండా కూర్చొని, బొటనవేలు పైకెత్తాడు. ఒక్కసారిగా జనం జేబుల్లో ఫోన్లు మోగాయి. ఈలలు, చప్పట్లు. సర్పంచి మొదటి ఫోను తన కూతురికి చేసి, ఏం మాట్లాడాలో తెలియక, "ఆఁ, నేనే, నేనేమ్మా" అని అరుస్తున్నాడు.

చైనా సారు జేబులో ఫోను కూడా మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. ఆ కొన్ని రోజుల మెసేజీలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. అతను పక్కకు పోయి బండ మీద కూర్చున్నాడు. నేను మైసూరుపాకు తీసుకొని దగ్గరికి వెళ్ళాను. చివరి మెసేజీ చూస్తే సంగతి తెలిసిపోయేది. అతను చూడలేదు. మొదటి దాని నుంచి వరసగా చదువుతున్నాడు. ఒకటి చదివి, బొటనవేలుతో పైకి జరిపి, ఇంకొకటి. మధ్యలో ఒకచోట ఆగాడు. తర్వాత మళ్ళీ చదివాడు. అంతా చదివి, ఫోను జేబులో పెట్టుకొని లేచాడు.

"సారూ, ఫొటో!" అని సర్పంచి పిలిచాడు. వెళ్ళి నిలబడ్డాడు. మెడలో దండ వేశారు. వేయించుకున్నాడు. ఆ ముసలాయన మళ్ళీ బస్సు సంగతి అడిగితే, "అయితాది" అన్నాడు.

కొండ దిగేటప్పుడు జీపులో, "ఫినిష్" అన్నాడు.

"అవును సార్, ఈ సైటుతో ఫినిష్."

"కాదు. మా అమ్మ."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. జ్వరమన్నారట, పట్నం ఆసుపత్రికి తీసుకుపోతున్నామన్నారట, వెంటనే ఫోను చెయ్యమన్నారట, ఇంకా ఎక్కడున్నావన్నారట, తర్వాత మేనమామ ఒక్కడే రాశాడట. మట్టి చేసేశారు అప్పటికే.

ఢిల్లీలో ఉన్న వాళ్ళ పైఆఫీసరు వెంటనే వెళ్ళమన్నాడు. టికెట్టు కూడా తీస్తానన్నాడు. అతను వద్దన్నాడు.

"వెళ్ళండి సార్. ఇక్కడి పని నేను చూసుకుంటాను" అన్నాను.

"వెళ్తే ఎవరి దగ్గరికి?" అన్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు.

ఆ రోజు అతన్ని లాడ్జికి పోనివ్వలేదు. ఇంటికి తీసుకుపోయాను. సంగతి విని అవ్వ అతని తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత నాతో అంది:

"అబ్బయా, రేపు సాయంత్రం పాస్టరుగారిని రమ్మను. ఆ తల్లికి ప్రార్థన పెడదాం. ఎవురూ లేనట్టు వదిలేస్తామా?"

"వాళ్ళు క్రైస్తవులు కాదవ్వా."

"నేనడిగినానా?" అంది. మళ్ళీ ఏదో తోచి, "అడుగు ఆయన్ని. ఇష్టం లేకుంటే వద్దు. వాళ్ళకు దేవుడుండాడా?"

అడిగాను. అతను ఆలోచించి చెప్పాడు: "మా అమ్మకు ఉన్నాడు. ఎవరో నేను ఎప్పుడూ అడగలేదు. ప్రార్థన పెట్టండి."

మర్నాడు దీపాలు పెట్టే వేళకు మా వసారాలో చాపలు పరిచాం. పాస్టరుగారు, చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు, ఆత్మకూరు నుంచి కాంట్రాక్టరు, టీ అంగడాయన వచ్చారు. అంగడాయన మతం వేరు. తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పాట అయ్యాక పాస్టరుగారు, "ఆ తల్లి పేరేంది?" అని అడిగారు.

చైనా సారు చెప్పాడు. "షియూలాన్."

పాస్టరుగారు కళ్ళు మూసుకొని, "తండ్రీ, నీ బిడ్డయిన షీలమ్మను..." అని మొదలుపెట్టారు.

"నో" అన్నాడు అతను.

అందరూ కళ్ళు తెరిచారు. అతను ఎవరికీ కాదని చెప్పగా అంతవరకూ నేను వినలేదు. మోకాళ్ళ మీద కొంచెం ముందుకు జరిగి, పాస్టరుగారి మొహంలోకి చూస్తూ, నిదానంగా విడదీసి చెప్పాడు. "షియూ. లాన్."

"షూలా" అన్నారు పాస్టరుగారు.

"నో. షియూ."

"షియూ."

"లాన్."

పాస్టరుగారికి రెండు మూడు ప్రయత్నాలు పట్టాయి. ఆడవాళ్ళు కూడా పెదాలు కదిలిస్తూ పలికి చూస్తున్నారు. అవ్వకు పళ్ళు లేవు. అయినా ఆమెకే ముందు వచ్చింది. ఆమె అనగానే అతను ఆమె వైపు తిరిగి, గట్టిగా తల ఊపాడు. తలుపు దగ్గర నిలబడిన అంగడాయన కూడా అన్నాడు. అప్పుడు పాస్టరుగారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఆ పేరు తప్పు లేకుండా పలికి ప్రార్థన చేశారు. చైనా సారు నుదురు చాపకు ఆనించి వంగిపోయాడు. ఏడ్చాడు. అవ్వ అతని వీపు నిమురుతూ కూర్చుంది.

తెల్లవారి జీపు ఎక్కేటప్పుడు చూశాను. చేతి గడియారం మన టైముకు తిప్పి ఉంది.

ఇక్కడి పనులు అయిపోగానే అతన్ని ఆఫ్రికా పంపారు. ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు ఎక్కించాను. అక్కడి నుంచి ఒక దేశం, మరో దేశం. నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, కలిగిరి హైస్కూలులో. అతని ఫోను నంబరు దేశానికొకటిగా మారేది; ఇద్దరికీ మధ్య నిలిచింది ఒక చైనా యాపే. అందులో కొండల ఫొటోలు పంపేవాడు. "ఉదయగిరిలాగా ఉంది" అని కింద రాసేవాడు. కొన్ని అసలు ఉదయగిరిలాగా ఉండేవి కావు. నేను అవ్వ ఫొటోలు పంపేవాణ్ణి.

కరోనాకు బళ్ళు మూసిన ఏడు, అతను వాళ్ళ కొత్త సంవత్సరానికని సెలవు మీద ఊరికి పోయి చిక్కుకుపోయాడు. విమానాలు లేవు. కంపెనీ అతన్ని ఎక్కడికీ పంపలేకపోయింది. వీడియోలో చూపించాడు: వాళ్ళమ్మ ఇల్లు, పెంకుల మీద పెరిగిన గడ్డి, తాళాలు వేసిన పక్కిళ్ళు. పిల్లలంతా పట్నాల్లో ఉన్నారు, నా వయసు వాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు అన్నాడు. కానీ మేనమామ ఇచ్చిన పొలం చెక్కలో వరి నాటాడు. అది చూపించేటప్పుడు ఫోను పట్టుకొని గట్ల మీద పరిగెత్తినట్టే నడిచాడు.

అవ్వ కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, "పలచగా నాటినాడే. ఎవురు చెప్పినారంట?" అంది. నేను చెప్పాను. అతను నవ్వి, మామ కూడా అలాగే తిట్టాడన్నాడు.

తర్వాత సరిహద్దులో గొడవ జరిగింది. సైనికులు చనిపోయారు. ఆత్మకూరు సెంటర్లో చైనా ఫోన్లు, బొమ్మలు కుప్ప పోసి కాల్చారు. ఆ వారం అతను వీడియో లేకుండా మాట్లాడాడు.

"మీ ఊళ్ళో నా మీద కోపంగా ఉన్నారా?"

"నీ మీద కాదు. టీ అంగడాయన నిన్న కూడా నీ గురించి అడిగాడు, బాగున్నాడా అని."

అప్పుడు అతను అన్నాడు: "విమానాలు మొదలైతే కొత్త దేశం పొమ్మన్నారు. నేను పోనని చెప్పాను."

"కంపెనీకా? కాదని చెప్పావా?"

"చెప్పాను. వచ్చే వారం కోత. ఆదివారం పొద్దున, మీ టైము ఏడుకు ఫోన్ చేస్తాను. అవ్వకు చూపించాలి."

ఆ ఆదివారం అవ్వ పెందలాడే స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకొని వసారాలో మంచం మీద కూర్చుంది. ఫోనును నీళ్ళ చెంబుకు ఆనించి ఎదురుగా పెట్టాను. యాపు తెరిచాను. గుండ్రంగా తిరిగి తిరిగి, ఈ దేశంలో పని చేయదని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. చైనా యాపులు ఆపేస్తున్నారని పేపర్లో చదివాను గానీ, ఇది ఆ రోజే పోతుందనుకోలేదు. మూసి తెరిచాను. అదే వాక్యం.

"ఏమంటా ఉండాది?" అంది అవ్వ.

"రావడం లేదవ్వా."

"సిగ్నల్ లేదా?"

"ఉంది. నిండా ఉంది."

"మరింకేంది?"

నేను ఫోను ఆపి మళ్ళీ వెలిగించాను. అవ్వే అంది:

"కోత మొదులు పెట్టుంటాడు. చేతులు ఖాళీ ఉండవు గదా. ఉండు, చేస్తాడు."

ఎండ వసారాలోకి వచ్చింది. మంచం నీడలోకి జరపమంది. జరిపాను. చెంబు, ఫోను తనే తెచ్చుకొని, కనిపించేట్టు ఆనించి పెట్టుకొని, దాని ఎదురుగా మళ్ళీ కూర్చుంది.